రామప్ప గుడి 360 వీడియో: హెడ్‌సెట్‌లో మసక, పైగా తల తిరుగుతోంది. ఎక్కడ సరిచేయాలి?

పాలంపేట_360 (ప్రశ్న)
కాలేజీ ప్రదర్శన కోసం రామప్ప గుడిని 5.7కె 360 వీడియోగా (చుట్టూ అన్ని వైపులా కనబడేది) తీశాం, కెమెరా కర్రకు బిగించి నడుస్తూ. ఫోన్‌లో బాగుంది. క్వెస్ట్ 3ఎస్ వీఆర్ హెడ్‌సెట్‌లో చూస్తే శిల్పాలు మసకగా ఉన్నాయి, కాసేపటికే కొందరికి కడుపులో తిప్పుతోంది. స్తంభం దగ్గరికని అడుగు వేస్తే గుడి కూడా వెంటే జరుగుతోంది. లోపం హెడ్‌సెట్‌దా, ఫైల్‌దా? యూనిటీ (త్రీడీ, వీఆర్ యాప్‌లు చేసే సాఫ్ట్‌వేర్) కొద్దిగా వచ్చు.

పిక్సెల్_పంతులు
హెడ్‌సెట్‌ను అనకండి. 5.7కె అంటే అడ్డంగా 5,760 పిక్సెళ్లు. అవి చుట్టూ 360 డిగ్రీలకూ సరిపోవాలి, అంటే డిగ్రీకి 16. 3ఎస్ తెర డిగ్రీకి సుమారు 20 చూపగలదు, క్వెస్ట్ 3 అయితే 25. ఫోన్ తెర చిన్నది కాబట్టి తేడా బయటపడలేదు. దీనికి తోడు చీకటి మండపంలో ఐఎస్ఓ (కెమెరా వెలుగును పెంచి చూపే స్థాయి) పెరిగి నాయిస్ (చుక్కలచుక్కల గరుకు) వస్తుంది. దాన్ని తగ్గించబోయి సాఫ్ట్‌వేర్ చెక్కడాల అంచులు కూడా తుడిచేస్తుంది.

అసలు కదలని గుడికి వీడియో ఎందుకండీ? స్టిల్స్ తీయండి. 72 మెగాపిక్సెల్ 360 ఫొటో 11,968 × 5,984 వస్తుంది, డిగ్రీకి 33. కెమెరా స్టాండ్ మీద ఉంటుంది కాబట్టి ఐఎస్ఓ 100లోనే ఉంచి షట్టర్ నెమ్మది చేయొచ్చు. బయట ఎండ, లోపల చీకటి, అందుకని బ్రాకెటింగ్ (ఒకే దృశ్యాన్ని తక్కువ, ఎక్కువ వెలుగుల్లో తీసి కలపడం) తప్పదు. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మాన్యువల్‌లో పెట్టండి, లేకపోతే ఒక్కో చోట రాయి ఒక్కో రంగులో వస్తుంది.

కెమెరా ఎత్తు చూసేవాళ్ల కంటి ఎత్తే ఉండాలి: నిలబడి చూస్తే 1.5 నుంచి 1.6 మీటర్లు, కుర్చీలో అయితే 1.2. రెండు లెన్సుల చిత్రాలు కలిసే అతుకు కెమెరా పక్కల్లో పడుతుంది. మీటరులోపు ఉన్న స్తంభం ఆ అతుకు మీద పడితే విరిగినట్టు కనబడుతుంది. కాబట్టి దగ్గరి స్తంభం వైపు ఒక లెన్సు నేరుగా చూసేలా కెమెరాను తిప్పండి. ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) కట్టడం కదా, స్టాండ్‌కు అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఫ్రేమ్_బడ్జెట్
తల తిరగడానికి కారణం నడుస్తూ తీయడమే. కన్ను కదులుతున్నానంటుంది, లోపలి చెవి కూర్చునే ఉన్నానంటుంది. స్టెబిలైజర్ కుదుపును తీసేస్తుంది కానీ ముందుకు సాగడాన్ని తీయలేదు కదా! ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపించకండి. తెర నల్లబరిచి కొత్త చోట తెరవండి, అర సెకను చాలు.

యూనిటీలో అందరూ బోల్తాపడే చోటు ఒకటుంది. టెక్స్చర్ (ఉపరితలం మీద అతికించే చిత్రం) మ్యాక్స్ సైజ్ మామూలుగా 2048 పిక్సెళ్ల దగ్గరే ఉంటుంది. ఎంత పెద్ద ఫొటో ఇచ్చినా దాన్ని కుదించేస్తుంది. 8192 చేయండి, డిగ్రీకి దాదాపు 23 వస్తుంది, 3ఎస్‌కు అది చాలు. కంప్రెషన్ (చిత్రం మెమరీలో పట్టే చోటును తగ్గించడం) ఏఎస్‌టీసీ 6×6 అని పెడితే ఒక్కో చిత్రం 15 ఎంబీ పడుతుంది. కంప్రెస్ చేయకపోతే అదే 134 ఎంబీ, పది చిత్రాలకే 1.3 జీబీ దాటుతుంది. వెనకవైపు నిలువుగా సన్నని గీత కనబడితే అది ఫొటో తప్పు కాదు, మిప్‌మ్యాప్స్ (అదే చిత్రానికి యూనిటీ చేసుకునే చిన్న నకళ్లు) ఆపండి.

మసకలో కొంత రెండు కళ్ల మధ్య దూరం వల్ల కూడా కావచ్చు. 3ఎస్‌లో లెన్సులకు మూడే స్థానాలు: 58, 63, 68 మిల్లీమీటర్లు. ప్రతి సందర్శకుడికీ మార్చి చూపించే మనిషి పక్కన ఉండాలి.

పాలంపేట_360
స్టిల్సే తీస్తామండి. మరి అడుగు వేస్తే గుడి వెంట రావడం?

పిక్సెల్_పంతులు
అది 360లో పోదు. హెడ్‌సెట్ మీ తల ఎటు తిరిగిందో, ఎంత జరిగిందో రెండూ పసిగడుతుంది. కానీ ఫొటో ఒకే బిందువు నుంచి తీసింది, పక్క నుంచి ఎలా ఉంటుందో దానికి తెలియదు. వాళ్లను తిరిగే కుర్చీలో కూర్చోబెట్టండి, సగం గొడవ తీరిపోతుంది.

నిజంగా నడిపించాలంటే ఫోటోగ్రామెట్రీతో (చాలా కోణాల ఫొటోల నుంచి రూపం కట్టే పద్ధతి) త్రీడీ మోడల్ చేయాలి. గుడి మొత్తం వద్దు, ఒక్క స్తంభంతో మొదలుపెట్టండి. పక్కపక్క ఫొటోలు 70 నుంచి 80 శాతం ఒకదాని మీద ఒకటి పడాలి, స్తంభం చుట్టూ మూడు ఎత్తుల్లో తిరగాలి. రామప్పలో అసలు చిక్కు నునుపు చేసిన నల్లరాయి. అది మెరుస్తుంది, మీరు కదిలితే మెరుపూ కదులుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని రాతి మీది గుర్తనుకుని ఉపరితలాన్ని గుంటలమయం చేస్తుంది. మబ్బు పట్టిన రోజు తీయండి, లెన్సుకు పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) వేయండి.

ఫ్రేమ్_బడ్జెట్
ఆ మోడల్‌ను ఉన్నదున్నట్టు హెడ్‌సెట్‌లో వేయకండి. 72 హెర్ట్జ్‌లో (సెకనుకు 72 ఫ్రేములు) ఒక్కో ఫ్రేముకు ఉన్న సమయం 13.9 మిల్లీసెకన్లే. అది దాటితే చిత్రం తడబడి మళ్లీ వికారం మొదలవుతుంది. తెర మీద ఒకసారికి త్రిభుజాలు (మోడల్ ఉపరితలాన్ని కట్టే ముక్కలు) పది లక్షలు దాటనివ్వకండి, చిన్న చెక్కడాలు నార్మల్ మ్యాప్‌లోకి (ఎత్తుపల్లాలున్నట్టు చూపే చిత్రం) బేక్ చేయండి, అంటే ముందే లెక్కగట్టి చిత్రంలో దాచేయండి, వెలుగు కూడా బేక్ చేసిందే వాడండి. యూనిటీలో ఒక యూనిట్ ఒక మీటరు, స్తంభాన్ని టేపుతో కొలిచి స్కేల్ సరిచూడండి.

నడవడానికి 2 × 2 మీటర్ల ఖాళీ నేల ఉంచండి. అద్దాలు, గుర్తుల్లేని తెల్ల గోడలు ఉంటే ట్రాకింగ్ (హెడ్‌సెట్ తన చోటు పసిగట్టడం) తప్పుతుంది. హెడ్‌సెట్ లెన్సుల మీద నేరుగా ఎండ పడనివ్వకండి, లోపలి తెర కాలుతుంది. తుడవడానికి పొడి మైక్రోఫైబర్ గుడ్డే, స్పిరిట్ వద్దు.