కోబాల్ బ్యాచ్‌లను స్టోర్డ్ ప్రొసీజర్లుగా మార్చే పని: టొరంటోకు కొత్తగా వచ్చాను, సలహా కావాలి

ప్రశ్న (కావలి, ప్రస్తుతం టొరంటో)

అన్నయ్యలకు, అక్కయ్యలకు నమస్కారం. ఇక్కడ నేను చేరిన ఇన్సూరెన్స్ కంపెనీలో, మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) మీద రాత్రిపూట నడిచే కోబాల్ (పాత ప్రోగ్రామింగ్ భాష) బ్యాచ్ ప్రోగ్రాములను ఒరాకిల్ స్టోర్డ్ ప్రొసీజర్లుగా (డేటాబేసులోనే ఉండి నడిచే ప్రోగ్రాములుగా) తిరగరాసే పని నాకు అప్పగించారు. వాటిని రాసే ఒరాకిల్ భాష పీఎల్/ఎస్‌క్యూఎల్ బాగా వచ్చు. కోబాల్ చదివితే అర్థమవుతుంది గానీ రాసిన అనుభవం లేదు. ఎక్కడ జాగ్రత్తపడాలి?

జవాబు (కందుకూరు)

మాది ప్రకాశం, అయినా 2022 ఏప్రిల్ నుంచి కొన్నేళ్లు మీ నెల్లూరు జిల్లాలోనే ఉన్నాం కాబట్టి చనువుగా చెబుతున్నాను. ఈ పనికి కొత్తగా వచ్చినవారు లాజిక్ గురించి దిగులుపడతారు గానీ, నా దృష్టిలో అంతకన్నా లెక్కే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కోబాల్‌లో లెక్క చేసే కంప్యూట్ వాక్యానికి రౌండెడ్ అని చేర్చకపోతే, ఫలితం చేరే ఫీల్డులో రెండు దశాంశ స్థానాలే ఉన్నప్పుడు మిగిలిన అంకెలను అది కోసేస్తుంది. ఒరాకిల్ మాత్రం నంబర్(9,2) కాలమ్‌లోకి, అంటే రెండు దశాంశ స్థానాలుండే కాలమ్‌లోకి, వచ్చే విలువను తనంతట తానే రౌండ్ చేస్తుంది. అంటే 10.256 డాలర్లు పాత ప్రోగ్రాములో 10.25గానూ, మీ ప్రొసీజరులో 10.26గానూ తేలతాయి. ఒక పాలసీకి ఒక సెంటే కదా అని మీరు ఊరుకున్నా, నెలాఖరులో అకౌంట్స్ వాళ్లు ఊరుకోరు. ప్రతి కంప్యూట్ దగ్గరా ఆగి చూసి, రౌండెడ్ లేనిచోట మిగిలిన అంకెలను కోసేసే ట్రంక్ ఫంక్షన్ పెట్టండి.

డేటా తెచ్చుకునేటప్పుడు కాపీబుక్ (ఫైలులో ఏ ఫీల్డు ఎలా ఉంటుందో చెప్పే కోబాల్ వివరణ) పక్కనే ఉండాలి. ఎస్9(7)వీ99 కాంప్-3 (దశాంశానికి ముందు ఏడు, తరువాత రెండు అంకెలు; బైటుకు రెండేసి చొప్పున కుదించినవి) అని కనిపించే ఫీల్డు తొమ్మిది అంకెలనూ, ప్లస్ మైనస్ గుర్తునూ కలిపి 5 బైట్లలో ఇముడ్చుకుంటుంది. ఆ ఫైలును మామూలు టెక్స్ట్ అనుకొని ఎబ్సిడిక్ (మెయిన్‌ఫ్రేమ్ అక్షరాల కోడ్) నుంచి ఆస్కీకి (మామూలు కంప్యూటర్ల కోడ్‌కు) మార్చి పంపితే ఆ బైట్లు పాడైపోతాయి. కనుక బైనరీగానే తెచ్చుకొని విప్పాలి, లేదా మెయిన్‌ఫ్రేమ్‌లోనే విడి అంకెలుగా మార్పించుకోవాలి. సార్ట్ చేసినప్పుడు వచ్చే వరుస కూడా మారుతుంది: ఎబ్సిడిక్‌లో అక్షరాలు ముందు, అంకెలు తరువాత, ఆస్కీలో అంకెలే ముందు. రెండు ఫైళ్లను కీ వారీగా జోడించే చోట ఒకటి పాత వరుసలో, మరొకటి కొత్త వరుసలో ఉంటే రికార్డులు చడీచప్పుడూ లేకుండా జారిపోతాయి.

జవాబు (ఒంగోలు)

పై మాటలకు కొంత చేరుస్తాను. స్పేసులతో నిండిన కోబాల్ ఫీల్డును ట్రిమ్ చేస్తే ఒరాకిల్ దానిని నల్‌గా (విలువే లేనట్టుగా) భావిస్తుంది, అప్పుడు సమానమా కాదా అని పోల్చే షరతులన్నీ తప్పుతాయి. అలాగే కోబాల్‌లోని రీడ్, పెర్ఫార్మ్ లూపులను కర్సర్ లూపులుగా (ఒక్కో రికార్డునూ విడిగా తీసి చూసే లూపులుగా) యథాతథంగా దించకండి. పని జరుగుతుంది గానీ తెల్లవారే లోపు పూర్తికాకపోవచ్చు. చాలాచోట్ల ఉన్న రికార్డులను మార్చి, లేనివి చేర్చే ఒక్క మెర్జ్ వాక్యం సరిపోతుంది. అయితే పాత జాబ్ మధ్యలో ఆగితే ఏ స్టెప్పు నుంచి మళ్లీ మొదలయ్యేదో జేసీఎల్‌లో (మెయిన్‌ఫ్రేమ్ జాబ్‌ను నడిపే స్క్రిప్టులో) చూసి, మీ కమిట్‌లను (మార్పులను ఖాయం చేసే చోట్లను) అందుకు తగినట్టుగా ఉంచండి.

పాత, కొత్త బ్యాచ్‌లను ఒకే డేటా మీద పక్కపక్కన నడిపించి ఫలితాలు పోల్చేటప్పుడు నెల మధ్య రోజులు చాలవు. డిసెంబరు 31 నాటి డేటాను, ఫిబ్రవరి 29 వచ్చిన సంవత్సరపు డేటాను మేనేజరు దగ్గర ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఆ ప్రోగ్రాములను ఏళ్ల తరబడి చూసుకుంటున్న పెద్దాయన ఎవరైనా రిటైర్మెంటుకు దగ్గరలో ఉంటే, ముందు ఆయన దగ్గర కూర్చోండి.