లెటర్‌ప్రెస్ క్లాసు: తెలుగు అక్షరాలతో మొదలుపెట్టాలా, ఇంగ్లీషుతోనా?

కడప పిల్ల:
మా ఊళ్లో కాలితో తొక్కి అచ్చు వేసే ట్రెడిల్ మెషీన్ ఇంకా అమ్మకుండా ఉంచుకున్న ప్రెస్సు ఆయన ఒకరు ఆదివారాలు లెటర్‌ప్రెస్, అంటే సీసం అక్షరాలు పేర్చి అచ్చు వేయడం, నేర్పిస్తానన్నారు. నేనూ నా ఫ్రెండూ చేరుతున్నాం. ఎర్రముక్కపల్లిలో పాత పుస్తకాలున్న సి.పి. బ్రౌన్ లైబ్రరీ చూసినప్పటి నుంచి దానికి ఈ పిచ్చి పట్టింది. వాళ్ల గృహప్రవేశం కార్డు మేమే కొట్టాలట, అదీ తెలుగులో! ముందు ఇంగ్లీషులో విజిటింగ్ కార్డు చేద్దామే అంటే వినదు. పైగా సీసం అనేసరికి మా అమ్మకు టెన్షన్.

పాత కంపోజిటర్, ప్రొద్దుటూరు:
నువ్వన్నదే రైటమ్మా. ఇంగ్లీషులో పెద్దవి 26, చిన్నవి 26, అంకెలు, గుర్తులు, అంతే. తెలుగులో గుణింతాలు, వత్తులు కలిపితే వందల అచ్చులు (సీసం అక్షరాలు). గృ, ప్ర వెతకడానికే పూట గడుస్తుంది. స్టిక్కులో, అంటే చేత్తో పట్టుకుని పేర్చే చిన్న పట్టీలో, అక్షరాలు తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేర్చాలి. ప్రతి అచ్చుకూ పక్కన గాడి ఉంటుంది, గాడులన్నీ ఒకే వైపు ఉన్నాయా చూసుకోండి. కార్డులో పై లైను మాత్రం తెలుగులో పెట్టుకోమను, అలగదు. కొట్టాక అచ్చులన్నీ మళ్లీ గళ్లలో వేయాలి. ఫ్రెండు పనికొచ్చేది అక్కడే!

అనంతపురం అక్క:
అచ్చుల్లో సీసంతో పాటు తగరం, ఆంటిమొనీ ఉంటాయి. నోట్లోకి పోయినా, పొడి పీల్చినా ముప్పు. అక్కడ బజ్జీలు, టీ వద్దు. సబ్బుతో చేతులు కడుక్కోండి. తెల్ల పొడి పట్టిన అచ్చులు ముట్టుకోవద్దు. ట్రెడిల్ దగ్గర చున్నీ వేసుకోవద్దు, జడ ముడేసుకోండి.

కడప పిల్ల:
థాంక్స్ అన్నా, అక్కా. బజ్జీలు వద్దంటే అది క్లాసే మానేస్తుందేమో!