కొండల్లో మాయమైన సైంటిస్ట్: కుట్రా, ప్రమాదమా?

ఎంవీపీ రవి:
2025 జూన్‌లో లాస్ ఏంజెలెస్ పక్కన ఏంజెలెస్ నేషనల్ ఫారెస్ట్‌లో ట్రెక్కింగ్‌కి వెళ్లిన ఒక ఏరోస్పేస్ మెటీరియల్స్ సైంటిస్ట్ కనిపించకుండా పోయారు. ఎంత వెతికినా ఆచూకీ లేదు. రాకెట్ ఇంజిన్‌లో మంట అంటుకోని నికెల్ మిశ్రలోహం తయారీలో ఆమెది పెద్ద చెయ్యి. అలాంటి మనిషి ఊరికే మాయమైపోతారా? 1966లో మన అణు శాస్త్రవేత్త హోమీ భాభా ఎక్కిన విమానం ఆల్ప్స్‌లో మాంట్ బ్లాంక్ కొండ మీద కూలినప్పుడూ ప్రమాదమనే అన్నారు. నాకు మాత్రం ఎవరో ఎత్తుకుపోయారనే అనుమానం.

గాజువాక ఫౌండ్రీ:
రవి గారూ, లోహం గొప్పదే. రహస్యమే మీరనుకున్నంత కాదు. కిరోసిన్ రాకెట్లలో ఆక్సిజన్ ఎక్కువగా ఉండే వేడి గ్యాస్‌తో టర్బైన్ తిప్పే పద్ధతి ఒకటుంది. శక్తి బాగా వస్తుంది, కానీ ఆ ఒత్తిడిలో వేడి ఆక్సిజన్ తగిలితే మామూలు స్టీలే అంటుకుంటుంది. సోవియట్ వాళ్లు లోహానికి పూతలు వేసి దశాబ్దాల కిందటే ఈ గండం గట్టెక్కారు. ఇస్రో తయారుచేస్తున్న 2000 కిలోన్యూటన్ల సెమీ క్రయోజెనిక్ (కిరోసిన్, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే) ఇంజిన్‌దీ ఇదే పద్ధతి. ఇక ఏ లోహం ఎంత పాళ్లలో కలపాలన్నది పేటెంట్‌లోనే అచ్చవుతుంది. దొంగిలించాలనుకున్నవాడికి కావాల్సింది కొలిమి, టెస్ట్ స్టాండ్, ఏళ్ల తరబడి పగిలిన ముక్కల రికార్డు. మనిషిని ఎత్తుకుపోతే అవన్నీ వస్తాయా?

ఎంవీపీ రవి:
ఏ ముక్క ఎందుకు పగిలిందో ఆ మనిషి బుర్రలోనే కదండీ ఉండేది! పేటెంట్ చూసి ఇంజిన్ కట్టేయగలిగితే అందరూ కట్టేద్దురు.

గాజువాక ఫౌండ్రీ:
అది ఒప్పుకుంటాను. కానీ బుర్రలో సరుకుంటే ఉద్యోగం ఇచ్చి పిలుచుకుంటారు, కొండ మీద కాపు కాయరు.

ఎన్ఏడీ పద్మ:
2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో మాయమైంది. వాళ్లలో ఎనిమిది మంది మన విశాఖ ఎన్ఏడీ (నేవీ ఆయుధాల డిపో) ఉద్యోగులే. ఒకరి ఫోన్ మోగిందని వార్త వస్తే ఇళ్లల్లో ఎంత ఆశ! చివరికి 2024 జనవరిలో కదా తేలింది, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలున్నాయని. కథలల్లేవాళ్లకి ఏం పోయింది బాబూ, కాలక్షేపం.

ఎంవీపీ రవి:
సముద్రం సంగతి వేరు పద్మక్కా. నేల మీద హెలికాప్టర్లు, కుక్కలు, డ్రోన్లు పెట్టి వెతికినా ఒక మనిషి దొరకకపోవడం ఏంటి?

కంబాలకొండ ట్రెక్కర్:
2009 సెప్టెంబర్ 2 మర్చిపోయావా గురూ? సాక్షాత్తూ ముఖ్యమంత్రి ఎక్కిన హెలికాప్టర్. ఎయిర్‌ఫోర్స్, ఉపగ్రహాలు అన్నీ దిగాయి. అయినా నల్లమలలో దాన్ని కనిపెట్టేసరికి మర్నాడు తెల్లారింది. అంత పెద్ద యంత్రానికే ఆ గతి పడితే లోయలో జారిన మనిషి పైనుంచి ఏం కనిపిస్తారు? నువ్వు చెప్పే కొండల వరసలోనే 2023 జనవరిలో నటుడు జూలియన్ శాండ్స్ మౌంట్ బాల్డీ మీద తప్పిపోయాడు. జూన్‌లో గానీ దొరకలేదు. అదీ గాలింపు బృందాలకు కాదు, ఆ దారిన నడకకు వచ్చినవాళ్లకి.

ఎంవీపీ రవి:
సరే, కొండ మింగేసిందనడానికి మాత్రం రుజువేదీ? పోలీసులు రెండు వైపులా చూడాలనే నా మాట. భాభా సంగతి ఎవరూ ఎత్తట్లేదేం?

కంబాలకొండ ట్రెక్కర్:
పోలీసులు చూడనీ, కాదన్నదెవరు? భాభా సంగతికొస్తే, అదే మాంట్ బ్లాంక్ మీద, దాదాపు అదే చోట, 1950 నవంబర్‌లో ఎయిరిండియా మలబార్ ప్రిన్సెస్ కూడా కూలి 48 మంది పోయారు. ప్రయాణికులు ఓడల్లో పనిచేసే నావికులు. వాళ్ల దగ్గర ఏ అణు రహస్యం ఉందని కూల్చారంటావు?