రెండు లక్షల ఎలక్ట్రిక్ గిటార్‌లో రెండు లక్షల విలువ ఉందా?

మారతహళ్లి తంత్రి:
మా బ్యాండ్‌లో రిథమ్ వాయించే తమ్ముడు ఈఎంఐ మీద అమెరికా తయారీ ఫెండర్ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) కొంటానంటున్నాడు. బెంగళూరులో అది రెండు లక్షల దగ్గర పలుకుతోంది. అదే కంపెనీకి చెందిన స్క్వయర్‌లో మంచి రకం యాభై వేల చుట్టుపక్కల వస్తుంది. వద్దురా అన్నాను. మాటా మాటా పెరిగింది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నా వాదన ఇది. ఎలక్ట్రిక్ గిటార్ వీణ కాదు. వీణలో నాదాన్ని పెంచి వినిపించేది పనస కర్ర కుండ. ఇక్కడ ఆ పని యాంప్‌ది, అంటే యాంప్లిఫయర్‌ది. స్టీలు తీగ కదిలితే దాని కింద ఉండే పికప్‌లోని అయస్కాంత క్షేత్రం మారి, చుట్టిన రాగి తీగలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటుకు కర్ర ఏ దేశానిదో తెలియదు. లియో ఫెండర్ 1954లో స్ట్రాట్ తెచ్చినప్పుడు దాన్ని ఫ్యాక్టరీలో త్వరగా, చవగ్గా చేయగలిగేలా తయారుచేశాడు. నెక్‌ని (తీగలు నొక్కే పొడవాటి మెడని) జిగురుతో అతికించకుండా స్క్రూలతో బిగించడం అందులో భాగమే. అలాంటి పనిముట్టుని ఇప్పుడు బంగారు నగలా అమ్ముతున్నారు.

కోడంబాక్కం సెషన్:
అన్నా, కరెంటుకు తెలియదు, ఒప్పుకుంటాను. చేతికి తెలుస్తుంది. నేను చెన్నైలో రికార్డింగులకు వాయిస్తాను. స్టూడియోలో గంటకింత అని డబ్బు నడుస్తుంటుంది. ఒక బెండ్ చేసి, అంటే తీగని పక్కకి లాగి స్వరం పెంచి, వెనక్కి వచ్చేసరికి జి తీగ శ్రుతి తప్పితే ఆ టేక్ పోయినట్టే. ఏసీ గదిలోంచి బయటి ఉక్కలోకి, మళ్లీ లోపలికి తిరిగినా నా గిటార్ నిలబడుతుంది. నేను డబ్బు పెట్టింది సౌండ్ కోసం కాదు, ఆ నమ్మకం కోసం.

మారతహళ్లి తంత్రి:
శ్రుతి నిలవడానికి అంత డబ్బెందుకు? చాలాసార్లు శ్రుతి తప్పేది నట్ దగ్గర, అంటే నెక్ పైకొసన తీగలు కూర్చునే గాళ్ల పట్టీ దగ్గర. గాడి సరిగ్గా కోయకపోతే తీగ అక్కడ ఇరుక్కుంటుంది. పని తెలిసినవాడు కాసేపట్లో సరిచేస్తాడు. తీగలు బిగించే ట్యూనర్లు కావాలంటే మార్చుకోవచ్చు. అమెరికా కంపెనీ పీఆర్ఎస్ వాళ్ల చవక రకం ఎస్ఈ గిటార్లు ఇండోనేషియాలో కోర్టెక్ ఫ్యాక్టరీలో తయారవుతున్నాయి, వాటితో స్టేజీలెక్కుతున్నవాళ్లు బోలెడుమంది. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రం కాలిఫోర్నియాలో ఒకలా, ఇండోనేషియాలో ఒకలా కోయదు కదా.

వడపళని బెంచ్:
నేను గిటార్లు రిపేరు చేస్తాను, బల్ల మీద చూసిందే చెబుతాను. యంత్రం కర్ర కోసేదాకా మీరన్నది నిజం మాస్టారూ. ధర తేలేది ఆ తర్వాత, ఫ్రెట్ల దగ్గర, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల దగ్గర. అన్నీ ఒకే మట్టానికి రావాలి. ఒకటి వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా దాని వెనకాల నొక్కిన స్వరం జీరగా మోగుతుంది. ఆ జీర వినబడకుండా కొన్నిచోట్ల తీగలు బాగా ఎత్తిపెట్టి అమ్మేస్తారు. కొన్న పిల్లాడు తన వేళ్లలోనే బలం లేదనుకుంటాడు. నేర్చుకోవడం మానేసిన వాళ్ల గిటార్లు నా దగ్గరికి వస్తుంటాయి. తీగలు కిందికి దించి ఇస్తే మళ్లీ మొదలుపెట్టినవాళ్లున్నారు. చవక గిటార్ మీద నాకున్న కోపమల్లా ఇదే.

ఫ్రెట్లు మట్టం చేసి, కొసలు రాసి, నట్ కోసి, ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) సరిచేస్తే ఇరవై వేల గిటార్ కూడా హాయిగా పలుకుతుంది. కానీ అన్నిటికీ కుదరదు. నెక్ కర్ర సరిగ్గా ఆరకుండా చేసిందైతే ట్రస్ రాడ్ ఎంత తిప్పినా వానాకాలం ఒకలా, ఎండాకాలం ఇంకోలా వంగుతుంది. మెలి తిరిగిన నెక్‌ని బాగుచేయడానికయ్యే ఖర్చుకి ఇంకో గిటార్ వస్తుంది. బెంగళూరులో గాలి పొడిబారే ఫిబ్రవరి, మార్చి నెలల్లో కర్ర కుంచించుకుని ఫ్రెట్ కొసలు బయటికొచ్చి చేతిని గీస్తాయి. మా చెన్నైలో సముద్రపు గాలికి తీగలూ బ్రిడ్జి స్క్రూలూ తుప్పు పడతాయి. ఆ తుప్పు ధర చూసి ఆగదు.

ఖరీదైనదల్లా గట్టిదనీ అనుకోవద్దు. గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ గిటార్ తల సాధారణంగా 17 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. నెక్ మహోగని, పైగా ట్రస్ రాడ్ కోసం సరిగ్గా నట్ వెనకే కర్ర తవ్వుతారు. స్టాండు మీంచి పడితే విరిగేది అక్కడే.

గిండీ ఓమ్:
కర్ర గురించి ఇంత మాట్లాడుతున్నారు, స్పీకర్ ఊసే లేదు! గిటార్ యాంప్ స్పీకర్ అయిదారు వేల హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని చాలావరకు మింగేస్తుంది. పొడవాటి కేబుల్ వేస్తే ట్రెబుల్ తగ్గుతుంది. 250 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ తిప్పే మీట కింది భాగం) తీసి 500ది పెడితే సౌండ్ పదునెక్కుతుంది, అయ్యే ఖర్చు కొన్ని వందలు. పికప్ ఎత్తు స్క్రూడ్రైవర్‌తో మార్చి చూడండి, అదైతే ఉచితం. తమ్ముడి దగ్గర చిన్న ప్రాక్టీస్ యాంపే ఉంటే, ముందు దాన్ని మార్చాలి.

పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాట్ సంగతి చూడండి. 1970లో న్యూయార్క్‌లో ఒక షాపులో కొన్న మామూలు గిటార్ అది. నెక్‌లు మార్చాడు, పికప్ మార్చాడు, ఏళ్ల తరబడి ఏదో ఒకటి మారుస్తూనే వచ్చాడు. 2019లో క్రిస్టీస్ వేలంలో 39,75,000 డాలర్లకు పోయింది. ఆ ధర కర్రదా, వాయించిన మనిషిదా?

కోడంబాక్కం సెషన్:
ఆ ఉదాహరణ నా వైపే పలుకుతోంది. ఆయన అన్నిసార్లు మార్చింది చేతికి కుదరాలనే కదా. ఆ కుదురు మొదటిరోజే దొరికితే దానికి డబ్బివ్వడం తప్పెలా అవుతుంది? అమ్మకం సంగతీ చూడండి. మంచి గిటార్‌ని జాగ్రత్తగా వాడుకుంటే కొన్న ధరలో సగానికి పైగానే వెనక్కి వస్తుంది. చవకదానికి కొత్త పికప్‌లు, ట్యూనర్లు, ఫ్రెట్ పని అని పెట్టిన డబ్బుని ఎవరూ తిరిగివ్వరు.

పాలకొల్లు కుర్రాడు, ప్రస్తుతం జయనగర్:
మా ఊరి బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించాడు. ఆయన్ని వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి గిటార్ మీద గమకం కోసం కష్టపడుతుంటాను. అక్కడ నాకర్థమైంది ఇది: ధర చూడకూడదు, కొలతలు చూడాలి. పాత మోడళ్లని అచ్చు గుద్దినట్టు చేసిన ఖరీదైన స్ట్రాట్‌లలో ఫింగర్‌బోర్డు (ఫ్రెట్లుండే పలక) గుండ్రం 7.25 అంగుళాల రేడియస్‌లో ఉంటుంది. తీగలు కిందికి దించి పెద్ద బెండ్ చేస్తే పై ఫ్రెట్ల దగ్గర తీగ ఇంకో ఫ్రెట్‌కి తగిలి స్వరం చచ్చిపోతుంది. 12 అంగుళాల చదునైన బోర్డున్న చవక గిటార్‌లో అదే గమకం నిండుగా వస్తుంది. కార్డులు (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) పట్టుకునేవాళ్లకి ఆ గుండ్రమే సుఖం. ఎవరి వాయింపుకి తగ్గది వాళ్లది.

రిథమ్ తమ్ముడు:
అన్నా, లింక్ మనవాళ్లు పంపారు. అన్నీ చదివాను. మీరంతా సౌండ్, ఫ్రెట్లు, రీసేల్ అంటున్నారు. షాపులో ఆ గిటార్ పట్టుకుంటే నాకు కింద పెట్టబుద్ధి కాలేదు. ఆఫీసు నుంచి సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటుకుని ఇంటికొచ్చాక చేతిలోకి తీసుకోవాలనిపించే గిటార్ అయితే రోజూ వాయిస్తాను. నా పాతది అలా పిలవడం లేదు. దీనికి లెక్క ఎక్కడ కడతారు?

మారతహళ్లి తంత్రి:
ఆ మాటని నేను కాదనను రా. నా పేచీ ఈఎంఐతో. నెల నెలా కంతు కడుతూ, యాంప్ కొనడానికి డబ్బుల్లేక ఇంకో ఏడాది ఆ డబ్బా యాంప్‌తోనే వాయిస్తావు. కచేరీలో జనం వినేది ఆ డబ్బానే.

వడపళని బెంచ్:
తమ్ముడూ, డబ్బు కట్టే ముందు మూడు గిటార్లు వరసగా పెట్టించు. స్క్వయర్, మెక్సికో ఎన్సెనాడాలో చేసిన ఫెండర్, అమెరికాది. ఒకే యాంప్, ఒకే కేబుల్, ఒకే గేజ్ (మందం) కొత్త తీగలు. మూడింటికీ యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) ఒకే ఎత్తుకి దించమను, ఇది మాత్రం గట్టిగా అడుగు. పన్నెండో ఫ్రెట్ దాటాక ప్రతి తీగ మీదా బెండ్ చేసి ఎక్కడైనా స్వరం ఆగుతోందేమో చూడు. తల మీద పేరు కనబడకుండా ఇంకొకరి చేత అందించుకో. అప్పటికీ చేయి అమెరికాదాన్నే కోరితే ఈ చర్చంతా పక్కన పెట్టి అదే తీసుకో.

కోడంబాక్కం సెషన్:
పరీక్ష మంచిదే కానీ షాపులో తేలేది ఫ్రెట్లే. నెక్ సంగతి వానాకాలం దాటాకగానీ బయటపడదు. అందుకని తమ్ముడూ, నాలుగైదు వానాకాలాలు ఇక్కడే చూసిన అమెరికా గిటార్ సెకండ్‌హ్యాండ్‌లో వెతుకు. నెక్ ఇంకా తిన్నగా ఉంటే భయం లేదు. మిగిలిన డబ్బు యాంప్‌కి.

మారతహళ్లి తంత్రి:
దానికైతే నాకు అభ్యంతరం లేదు. బెంగళూరులో అలాంటిది ఎవరైనా అమ్ముతుంటే చెప్పండి. ఫ్రెట్లు ఎంత అరిగాయో దగ్గర్నుంచి తీసిన ఫోటో పెడితే, మిగతాది మేమొచ్చి చూసుకుంటాం.