మెడకు దెబ్బ తగిలిన మూడో రోజే జాతకం చెప్పేయొచ్చా?

నల్గొండ_తమ్ముడు:
మా బావ తాటిచెట్టు ఎక్కుతుంటే మోకు తెగి పడ్డాడు, మెడలో వెన్నుపాము దెబ్బతింది. మూడో రోజు డాక్టరు మా అక్క ముందే "ఏషియా స్కేల్‌లో గ్రేడ్ ఏ, నడవడం కష్టం" అనేశారు. దెబ్బ ఎంత తీవ్రమో ఏ నుంచి ఈ దాకా అక్షరాల్లో చెప్పే కొలతట అది, ఏ అంటే అన్నిటికంటే తీవ్రమట. మూడు రోజులకే ఎట్లా చెప్తారండీ? నా దృష్టిలో అది తప్పు.

ఫిజియో_అక్క:
చెప్పిన తీరు తప్పేమో, పరీక్ష తప్పు కాదు తమ్ముడూ. మొదటి రోజు స్పైనల్ షాక్ (దెబ్బకు వెన్నుపాము కొన్నాళ్లు మొద్దుబారడం), మత్తు, ఊపిరి గొట్టం ఉంటాయి కాబట్టి ఆ పరీక్షను అంతగా నమ్మలేం, అందుకే 72 గంటలకు మళ్లీ చూస్తారు. మలద్వారం దగ్గర స్పర్శ, బిగింపు రెండూ లేకపోతేనే ఏ అంటారు. ఆశ పెట్టి దాచితే మీ అక్క పొలం అమ్మి ఊరూరా తిరుగుతుంది.

శీను_ఖమ్మం:
నేనొప్పుకోను. మా నాన్న బాత్రూంలో జారితే కాళ్లూ చేతులూ పడిపోయాయి, ఇప్పుడు నడుస్తున్నాడు. చొక్కా గుండీలు మాత్రం పెట్టుకోలేడు.

ఫిజియో_అక్క:
శీను గారూ, అది సెంట్రల్ కార్డ్ (వెన్నుపాము మధ్యభాగానికి దెబ్బ) లాగుంది, ఏ గ్రేడ్ కాదు. అందులో కాళ్లు ముందొస్తాయి, చేతులు చివర. దాన్ని చూపించి వీళ్లకు ఆశ పెట్టకండి.

అసలు నా గొడవ వేరే. అందరూ నడక గురించే అడుగుతారు. 2011లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన సూత్రం కూడా వయసు 65 దాటిందా, మోకాలు, పిక్క కండరాల బలమెంత, కాళ్లలో ఆ నరాల చోట్ల స్పర్శ ఉందా అని చూసి ఏడాదికి నడుస్తారో లేదో చెప్తుంది, చేతుల ఊసే లేదు. మెడ దెబ్బలో బతుకంతా చేతుల్లోనే ఉంది. మెడ నరాలకు పైనుంచి కిందికి సి1, సి2 అని నంబర్లుంటాయి. సి5 పనిచేస్తుంటే మోచెయ్యి ముడుస్తాడు, సి6 వస్తే మణికట్టు లేపుతాడు, అప్పుడు వేళ్లు వాటంతటవే ముడుచుకుని గ్లాసు పట్టుకోవచ్చు, సి7 వస్తే చేతులతో నెట్టుకుని మంచం మీంచి వీల్‌చైర్‌లోకి జరగొచ్చు. ఏ గ్రేడ్‌లోనే ఉండిపోయినా చాలామందికి ఏడాదిలో ఈ నంబర్లలో ఒక మెట్టు కిందికి కలుస్తుంది. ఆ అక్షరంలో ఇదేదీ కనపడదు. కుడికీ ఎడమకీ లెవెల్ (ఏ నంబరు నరం దాకా పనిచేస్తోందో) ఎంతో విడివిడిగా అడగండి. ఇంకోటి, మణికట్టు వెనక్కి వంచి వేళ్లు సాగదీసే మసాజ్ చేయించకండి, ఆ పట్టు పోతుంది.

నల్గొండ_తమ్ముడు:
అయ్యో, మా పెద్దమ్మ రోజూ నూనె రాసి అదే చేస్తోంది. నిన్నటి నుంచి కుడి మణికట్టు కొంచెం కదులుతోందక్కా, ఎడమది లేదు. ఇది లెక్కలోకొస్తుందా?

ఫిజియో_అక్క:
వస్తుంది. పైకి లేపుతున్నాడా, లేక చెయ్యి పక్కకి తిప్పి పరుపు మీద పెడితేనే కదులుతోందా? చూసి చెప్పు.