రాజోలు దగ్గర మండువా ఇల్లు: పెంకులు తీసి స్లాబ్ వేద్దామంటున్న కాంట్రాక్టరుతో ఏం మాట్లాడుకోవాలి?

లంక ఇంటి అమ్మాయి:
నమస్కారమండీ. మా తాతగారు కట్టించిన మండువా ఇల్లు మాది. 18 అంగుళాల సున్నపు గోడలు, టేకు స్తంభాలు, మంగుళూరు పెంకుల కప్పు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, రాత్రిపూట పెరట్లోకి వెళ్ళలేకపోతున్నారు. పడకగదికి ఆనుకుని స్నానాలగది కావాలి, పడమటి వైపు కారుతున్న కప్పు బాగుచేయాలి. మా అవసరం ఇంతే. కాంట్రాక్టరు మాత్రం పెంకులు, కలప మొత్తం తీసేసి పాత గోడల మీదే స్లాబ్ వేద్దామంటున్నారు. ఇంటి నడుమ ఆకాశం కనిపించే మండువాను మూసేస్తే హాలు కలిసివస్తుందట. అన్నిటికీ కలిపి ఒకే అంకె చెప్పి, ఇప్పుడు సగం ఇస్తే సంక్రాంతికి ఇల్లు అప్పగిస్తానన్నారు. నేను హైదరాబాదులో ఉంటాను, రోజూ దగ్గరుండి చూడలేను. ఏమేం రాయించుకోవాలి?

పాలకొల్లు కోడలు:
ఆ సగం డబ్బు ఇప్పుడే ఇవ్వకండమ్మా. మా అత్తవారి పెంకుటింటి మరమ్మతు నేనే దగ్గరుండి చేయించాను. మీ ఇంట్లో అన్నిటికన్నా విలువైనది ఆయన చెప్పిన అంకెలో కనిపించదు, అది మీ కప్పులో ఉంది. దింపిన దూలాలు, వాసాలు, గుమ్మాలు ఎవరివని అడిగారా? మాకు మొదట వచ్చిన ఆయన బాగా తక్కువ ధర చెబితే మామగారు సంతోషించారు. అదే కాగితం మీద రాయమన్నప్పుడు బయటపడింది, పాత కలప, ఇటుక తనకే వస్తాయని లెక్క వేసుకున్నారని. ఆయనను వద్దనుకున్నాం. మీరు పనికి ముందే ప్రతి స్తంభాన్నీ, ప్రతి గుమ్మాన్నీ ఫోటో తీసి, కొలతలు రాసి, అవి ఇంటివారివేనని ఒప్పందంలో పెట్టించండి.

ఐదు అంగుళాల స్లాబ్ చదరపు అడుగుకు దాదాపు 30 కిలోలు తూగుతుంది. మంగుళూరు పెంకులు వాటి కింది పట్టీలతో కలిపినా 6 కిలోలే. మన నల్లమట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. తాతల నాటి పునాది అంత బరువు మోస్తుందో లేదో పక్కన తవ్వి చూడకుండా ఎవరూ చెప్పలేరు. చూసే ఇంజనీరును మీరే పిలవండి, ఫీజు మీరే ఇవ్వండి. కాంట్రాక్టరు తెచ్చిన మనిషి వద్దు.

సంక్రాంతి మాట కూడా నాకు నచ్చలేదు. అప్పటికి ఇల్లు అప్పగించాలంటే అక్టోబరు, నవంబరు నెలల్లో కప్పు విప్పాలి. 1996 నవంబరు తుఫాను కోనసీమను ఏం చేసిందో మీ అమ్మగారిని అడగండి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక విప్పి, జూన్ వానలకు ముందే కప్పేయాలి. అంతవరకు స్నానాలగది పని కానివ్వండి.

మండువా మూయకండి. చుట్టూ గదులకు గాలీ వెలుతురూ అక్కడినుంచే వస్తాయి. దాన్ని మూసి, ఉక్కకు తాళలేక గది గదికీ ఏసీ పెట్టుకున్న ఇళ్ళు చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

తాపీ పని:
నేను ముమ్మిడివరం వైపు మేస్త్రీని. అమ్మగారు కలప గురించి చెప్పింది అక్షరాలా నిజం. నేను గోడల గురించి చెబుతాను. పెచ్చులూడిన చోట సిమెంటు పూయనివ్వకండి. పాత గోడ నేలలోంచి లాగిన చెమ్మను సున్నపు పూత గుండా వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి గోడలోనే పైకెక్కుతుంది, కొన్నేళ్ళకు ఇటుక పొడి రాలుతుంది. సున్నం పని తెలిసినవాళ్ళం తక్కువమందిమే మిగిలాం, అయినా ఉన్నాం, వెతకండి.

స్నానాలగదికి విడిగా పునాది వేయించండి. కొత్త ఇటుకను పాత గోడలోకి దూర్చి కట్టకూడదు. కొత్త పునాది కాస్త కుంగుతుంది, అప్పుడు పాత గోడను చీలుస్తుంది. ఇంకొకటి, వేసవిలో కాలువలు కట్టేశాక అందరూ బోరు నీళ్ళే వాడతారు. సముద్రం దగ్గరి ఊళ్ళలో అవి ఉప్పన, వాటితో కలిపితే కాంక్రీటు లోపలి ఇనుము తుప్పు పడుతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల క్లోరైడు దాటిన నీళ్ళు ఇనుము వేసిన కాంక్రీటుకు పనికిరావని ఐఎస్ 456 (కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం) నియమం. ముందే పరీక్ష చేయించండి.

లంక ఇంటి అమ్మాయి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. 2022 జులై వరదకు నీళ్ళు అరుగు దాకా వచ్చాయి. స్నానాలగది ఎత్తు పెంచమంటారా?

తాపీ పని:
నేల పెంచితే నాన్నగారికి మెట్టు అడ్డమవుతుంది. పడకగది నేల కన్నా అర అంగుళం కిందే ఉంచండి. సెప్టిక్ ట్యాంకు మూత మాత్రం 1986 వరద గుర్తు కన్నా పైకి రావాలి. గుర్తు ఎక్కడిదాకా వచ్చిందో ఊళ్ళో పెద్దలు చూపిస్తారు. గొట్టంలో నీరు వెనక్కి రాకుండా వాల్వు పెట్టించండి.

పాలకొల్లు కోడలు:
డబ్బు సంగతి. సామాను మీరే కొని, కూలి మాత్రం ఒప్పందం చేసుకోండి. పునాది, గోడలు, కప్పు, నేల, ఒక్కొక్కటి పూర్తయి ఇంజనీరు కొలిచాకే దాని వాటా ఇవ్వండి. పదోవంతు ఆపి, ఒక వానాకాలం గడిచి కప్పు కారలేదని అమ్మగారు చెప్పాక పంపండి. దీనికి ఒప్పుకోని కాంట్రాక్టరు మీకు వద్దు.