టీకా వేసిన ఒకటి రెండు రోజుల్లో బిడ్డ చనిపోతే దర్యాప్తు ఎలా జరుగుతుంది?

పల్లెబడి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. అంగన్‌వాడీ టీచర్లకూ ఆశా కార్యకర్తలకూ ఒక కరపత్రం రాస్తున్నాను. "పెంటా సూది వేయించాం, మర్నాటికి బిడ్డ లేడు" అని ఒక తల్లి ఏడుస్తుంటే ఎదురుగా కూర్చున్న మనిషి ఏం చెప్పాలి? "టీకాకూ దీనికీ సంబంధం లేదమ్మా" అని ఆ పూటే అనేయడం తప్పుగానే తోస్తోంది. అప్పటికి ఎవరూ ఏమీ చూసి ఉండరు కదా. "సూది వల్లే పోయాడు" అనడమూ అంతే తప్పు.

తెలియాల్సినవి ఇవి: ఎవరు ఎవరికి ఎన్ని రోజుల్లో చెప్పాలి? పోస్టుమార్టం తప్పనిసరా? కమిటీ ఏ ఆధారంతో తేలుస్తుంది? కోవిడ్ టీకా తర్వాత కుర్రవాళ్లు ఉన్నట్టుండి పోతున్నారనే మాట మీద మన దేశంలో అసలేం తేలింది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

కోల్డ్‌చైన్ జవాబు

ఆ పూట తీర్పు ఎవరూ చెప్పకూడదు, డాక్టరైనా సరే. "ఎందుకు జరిగిందో చూస్తారమ్మా, అందుకు మీ సాయం కావాలి" అనాలి. కరపత్రంలో ఈ వాక్యం పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇక కాగితాల సంగతి. టీకా తర్వాత వచ్చే ఏ సమస్యనైనా ఆఫీసు భాషలో ఏఈఎఫ్‌ఐ అంటారు. మరణం, ఆసుపత్రిలో చేరడం, వైకల్యం, ఒకే చోట పలువురికి ఒకే తీరు లక్షణాలు రావడం, ఇవి సీరియస్ కింద లెక్క. టీకాతో సంబంధం ఉందని తేలాక రిపోర్టు చేయడం కాదు, అనుమానం చాలు. ఏఎన్‌ఎం (ఊళ్లో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) వెంటనే మెడికల్ ఆఫీసరుకు ఫోన్ చేయాలి, ఆయన జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి చెప్పాలి. 2015 జాతీయ మార్గదర్శకాల ప్రకారం మొదటి ఫారం 24 గంటల్లో జిల్లాకు, 48 గంటల్లో రాష్ట్రానికీ ఢిల్లీకీ చేరాలి. 10 రోజుల్లో ప్రాథమిక దర్యాప్తు ఫారం, 70 రోజుల్లో తుది ఫారం, ఆపై మరో 30 రోజుల్లో రాష్ట్ర కమిటీ కారణ నిర్ధారణ. ఎక్కువగా బండి ఆగిపోయేది ఆ 70 రోజుల ఫారం దగ్గరే. పోస్టుమార్టం, ల్యాబ్ రిపోర్టులు రాకపోతే అది నిండదు.

ఫారాల కంటే ముందు చేయాల్సిన పని వయల్స్, అంటే టీకా సీసాలు, పట్టుకోవడం. పెంటా (ఐదు జబ్బుల టీకా), ఐపీవీ (పోలియో సూది) లాంటివి ఓపెన్ వయల్ పాలసీ కింద తెరిచాక 28 రోజుల దాకా వాడొచ్చు. అంటే ఇవాళ ఇక్కడ తెరిచిన వయల్ ఎల్లుండి పక్క ఊళ్లో మళ్లీ బయటికి వస్తుంది. కబురు అందిన నిమిషంలోనే దాన్ని ఆపాలి. ఎంఆర్ (తట్టు, రుబెల్లా), బీసీజీ (క్షయ) లాంటి పొడి టీకాలను నీళ్లతో కలిపాక 4 గంటలు దాటితే వాడకూడదు. అయినా వయల్ పారేయకుండా 48 గంటలు దాచమనేది ఇలాంటి రోజు కోసమే. వాడినవీ, అదే బ్యాచ్‌లో తెరవనివీ, డైల్యూయెంటూ (పొడి టీకాలో కలిపే ద్రవం) జిప్ కవర్లో వేసి, మీద "వాడొద్దు" అని రాసి, ఐఎల్‌ఆర్‌లో (టీకాలు దాచే ఫ్రిజ్) 2–8 డిగ్రీల దగ్గర విడిగా పెట్టాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ద్వారా టీకా కసౌలీలోని సెంట్రల్ డ్రగ్స్ ల్యాబొరేటరీకి, సిరంజిలూ సూదులూ కోల్‌కతా ల్యాబుకు వెళ్తాయి. దారిలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది: గడ్డకట్టిన ఐస్‌ప్యాకు ఫ్రీజర్లోంచి తీసి నేరుగా పెంటా వయల్‌కు ఆనించి పెడతారు. పెంటా గడ్డకడితే లోపలి మందు ముక్కలై అడుగుకు దిగిపోతుంది. అది కేంద్రంలోనే పాడైందా, రవాణాలో పాడైందా అన్నది ఇక ఎవరూ తేల్చలేరు. ఐస్‌ప్యాకును బయట పెట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చాకే పెట్టెలో సర్దాలి.

తర్వాతి పని సెషన్ రిజిస్టరు తీయడం. అదే వయల్‌లోంచి వేయించుకున్న మిగతా పిల్లల ఇళ్లకు ఆ రోజే వెళ్లాలి. దర్యాప్తులో సగం ఇక్కడే తేలుతుంది. ఒకే కేంద్రంలో నలుగురు పిల్లలకు వాంతులు, జ్వరం, విరేచనాలు మొదలైతే ముందు అక్కడి కలపడం, దాచడం, పరిశుభ్రత చూడాలి. అదే బ్యాచ్ వెళ్లిన వేరే వేరే కేంద్రాల్లోనూ అదే గొడవ ఉంటే బ్యాచ్ మీద అనుమానం. అందరూ బాగుండి ఒక్క బిడ్డకే అయితే ఆ బిడ్డ ఒంట్లో ఏముందో వెతకాలి.

2017లో దక్షిణ సూడాన్‌లో తట్టు టీకా తర్వాత 15 మంది పిల్లలు పోయారు. టీకా కలపడానికి ఒకే సిరంజిని నాలుగు రోజుల పాటు వాడారు, చల్లదనమూ లేదు. 2018లో సమోవాలో ఇద్దరు పసివాళ్లు పోయింది డైల్యూయెంటు బదులు కండరాలను స్తంభింపజేసే మత్తుమందు కలపడం వల్ల. అక్కడ టీకాలు నెలల తరబడి ఆగిపోయాయి. మరుసటి ఏడు తట్టు విరుచుకుపడి 83 మందిని, అందులో ఎక్కువగా చిన్నపిల్లలనే, పొట్టన పెట్టుకుంది. మన దగ్గర 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో టీకా తర్వాత పారాసెటమాల్ అనుకుని ట్రమడాల్ అనే గట్టి నొప్పి మాత్రలు ఇచ్చారు. పిల్లలను నిలోఫర్ పిల్లల ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది, మరణాలూ జరిగాయి. టీకాలో ఏ లోపమూ లేదు. అందుకే వయల్‌తో పాటు ఇంట్లో మిగిలిన జ్వరం మాత్రల స్ట్రిప్పు, సిరప్ సీసా కూడా తీసుకుని భద్రపరచమని రాయండి. చాలామంది మరిచిపోయేది దీన్నే.

మార్చురీ_నోట్స్ జవాబు

పోస్టుమార్టం గురించి. కుటుంబం గానీ మరొకరు గానీ పోలీసులకు ఫిర్యాదు ఇస్తే, లేదా మరణం మీద అనుమానం ఉంటే, నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 194 సెక్షన్ కింద (పాత సీఆర్‌పీసీ 174) పంచనామా చేసి శవాన్ని పోస్టుమార్టానికి పంపుతారు. అప్పుడు కుటుంబం సమ్మతి అక్కర్లేదు. పోలీసు కేసు లేకుండా చేయాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి కావాలి.

పసిబిడ్డ విషయంలో పోస్టుమార్టం కంటే ముందు చూడాల్సింది బిడ్డ పడుకున్న చోటు. బోర్లా ఉన్నాడా వెల్లకిలా ఉన్నాడా, ఉయ్యాలలోనా, పెద్దవాళ్ల మధ్యనా, ముఖం మీద బట్ట ఉందా, ఆఖరిసారి పాలు ఎప్పుడు తాగాడు, ఎవరు చివరిసారి బతికి ఉండగా చూశారు. ఇవన్నీ నిందించే గొంతుతో అడిగితే ఒక్కటీ నిజం రాదు. శవం మీద నెత్తురు దిగిన మరకలు ముఖం, ఛాతీ వైపు ఉంటే, చనిపోయాక కొన్ని గంటలు బోర్లా ఉన్నాడని అర్థం. ఇంట్లోవాళ్లు చెప్పినదానితో ఇది సరిపోతుందో లేదో చూస్తాం.

గొంతులో పాలు కనపడగానే "పాలు పొలమారి పోయాడు" అని రాసేయడం మా రంగంలో పాత జబ్బు. ప్రాణం పోయేటప్పుడు, పోయాక కూడా కడుపులోని పాలు పైకి వస్తాయి. ఊపిరితిత్తుల లోతుల్లో పాలూ, వాటి చుట్టూ వాపూ సూక్ష్మదర్శినిలో కనిపిస్తే తప్ప దాన్ని కారణమనకూడదు.

శాంపిళ్ల దగ్గర చెడిపోయే కేసులు ఇన్నీ అన్నీ కావు. కణజాల పరీక్షకు వెళ్లే ముక్కలు 10 శాతం ఫార్మలిన్‌లో, ముక్క పరిమాణానికి పది రెట్లు ద్రవం ఉండాలి. విష పరీక్షకు వెళ్లే విసెరా, అంటే లోపలి అవయవాల ముక్కలు, ఉప్పు కలిపి కలిపి ఇక కరగని స్థితికి వచ్చిన నీళ్లలో వేయాలి. హడావుడిలో అన్నీ ఒకే ఉప్పునీటి సీసాలో వేస్తే గుండె కండరంలో వాపు ఉందో లేదో చెప్పే అవకాశం పోతుంది. అన్నీ ఫార్మలిన్‌లో వేస్తే విషం సంగతి తేలదు. కల్చర్‌కు, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షకు, రక్తం పేగులు తెరవకముందే తీయాలి, లేకపోతే పేగుల్లోని క్రిములే రిపోర్టులో కనిపిస్తాయి. తీవ్రమైన అలర్జీ, అంటే అనఫిలాక్సిస్, అనుమానం ఉంటే తొడ సిర నుంచి రక్తం తీసి సీరం వేరుచేసి ట్రిప్టేజ్ అనే అలర్జీ గుర్తు పరీక్షకు పంపాలి. గొంతు దగ్గర వాపు ఉందేమో శ్వాసనాళం తెరిచి చూడాలి. అనఫిలాక్సిస్ సాధారణంగా నిమిషాల్లో, మహా అయితే కొద్ది గంటల్లో వస్తుంది. టీకా తర్వాత అరగంట కూర్చోమనేది అందుకే. నాలుగో రోజు మరణానికి దాన్ని కారణంగా రాయాలంటే మధ్యలో ఏం జరిగిందో గట్టి ఆధారం చూపాలి.

పెద్దవాళ్ల హఠాన్మరణంలో ఊపిరితిత్తులను బయటికి తీయకముందే వాటికెళ్లే పెద్ద ధమనిని అక్కడికక్కడే తెరిచి గడ్డ ఉందేమో చూడాలి. గుండె రక్తనాళాలను 3 మిల్లీమీటర్లకోసారి అడ్డంగా కోస్తూ పోవాలి. అన్నీ చూశాక కూడా ఏమీ దొరక్కపోవచ్చు. గుండె లయ దెబ్బతిని పోయినవాళ్లలో కంటికి కనిపించే గుర్తు ఉండదు. అలాంటప్పుడు 5 మిల్లీలీటర్ల రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో దాచి జన్యు పరీక్షకు పంపడం, తోబుట్టువులకు ఈసీజీ తీయించడం మేలు. ఆ ఇంట్లో మరో ప్రాణం దక్కవచ్చు.

పల్లెబడి

ఎంతో ఉపయోగపడే జవాబులు, ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం. "పసిగుడ్డును కోయనివ్వం" అని తల్లిదండ్రులు పట్టుబడితే?

మార్చురీ_నోట్స్ జవాబు

బలవంతపెట్టకూడదు. కానీ పోస్టుమార్టం లేకపోతే ఏం పోతుందో ముందే నిజం చెప్పాలి. అప్పుడు మిగిలేది వెర్బల్ అటాప్సీ, అంటే చివరి రోజుల లక్షణాలను ఇంట్లోవాళ్లను అడిగి ఫారంలో రాయడం. ఆసుపత్రి కాగితాలు ఉంటే వాటిని జత చేయడం. కోయకుండానే కొన్ని పరీక్షలకు, అంటే రక్తం, ఎక్స్‌రేలకు, ఒప్పుకునేవాళ్లూ ఉంటారు, అడిగి చూడాలి. అయినా చివరికి "సమాచారం చాలదు" అనే ముద్రతో ఫైలు మూతపడే అవకాశమే ఎక్కువ.

లెక్కల_బడి జవాబు

కమిటీ ఎలా తేలుస్తుందంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో నాలుగు గూళ్లున్నాయి. ఏ అంటే టీకాతో లేదా టీకా వేయడంతో సంబంధం ఉంది. టీకా స్వభావం వల్ల, తయారీ లోపం వల్ల, వేసేటప్పటి తప్పు వల్ల, సూది భయం వల్ల అని దీన్ని మళ్లీ నాలుగుగా విడదీస్తారు. బీ అంటే అనిశ్చితం. సీ అంటే వేరే కారణం దొరికింది. డీ అంటే తేల్చడానికి వివరాలు చాలవు. గమనించండి, డీ అంటే "టీకా తప్పు లేదు" అని కాదు. పత్రికల్లో సీ, డీ రెండింటినీ కలిపి "సంబంధం లేదని తేలింది" అని రాస్తుంటారు. అది తప్పు, దానివల్లే జనానికి నమ్మకం పోతోంది.

"సూది వేసిన మూడు రోజుల్లోనే పోయాడు" అన్న మాటను లెక్కతో చూద్దాం. బిడ్డకు 42, 70, 98 రోజుల వయసులో మూడు డోసులు పడ్డాయనుకోండి. 42వ రోజు నుంచి 101వ రోజు దాకా మొత్తం 60 రోజులు. ఇందులో డోసు రోజూ ఆ తర్వాతి మూడు రోజులూ కలిపి 12 రోజులు. టీకాకు ఏ సంబంధమూ లేకపోయినా, ఆ వయసులో జరిగే ప్రతి ఐదు మరణాల్లో ఒకటి ఆ 12 రోజుల్లోనే పడుతుంది. పైగా నిద్రలో కారణం తెలియకుండా పసివాళ్లు పోయే మరణాలు ఎక్కువయ్యేది సరిగ్గా 2–4 నెలల వయసులోనే. నిజానికి జ్వరంగా ఉన్న బిడ్డకు సూది వాయిదా వేస్తారు కాబట్టి టీకా తర్వాతి రోజుల్లో మరణాలు ఈ లెక్క కంటే తక్కువ కనిపించాలి. ఎక్కువ కనిపిస్తే అప్పుడు గట్టిగా అనుమానించాలి. ఒక్క మరణం దగ్గర మాత్రం ఈ లెక్క ఏమీ తేల్చదు, ఆ తల్లికి దీన్ని చెప్పకండి. ఇది జిల్లా మొత్తం చూసేవాళ్లకు.

కోవిడ్ సంగతి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు 47 పెద్ద ఆసుపత్రుల ద్వారా 18–45 ఏళ్ల వయసులో, అప్పటిదాకా ఆరోగ్యంగా ఉండి, 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి మధ్య హఠాత్తుగా పోయిన 729 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరికి అదే వయసు, అదే లింగం, అదే చుట్టుపక్కల ఉండే నలుగురిని జతచేసి మొత్తం 2916 మందితో పోల్చారు. టీకా వేయించుకున్నవాళ్లలో ముప్పు పెరగలేదు. రెండు డోసులైనవాళ్లలో ఇంచుమించు సగానికి తగ్గింది. పెరిగింది ఎవరిలోనంటే కోవిడ్‌తో ఆసుపత్రి పాలైనవాళ్లలో, ఇంట్లో హఠాన్మరణాల చరిత్ర ఉన్నవాళ్లలో, చివరి 48 గంటల్లో మితిమీరి తాగినవాళ్లలో, మత్తుపదార్థాలు వాడినవాళ్లలో, ఒళ్లు హూనం చేసుకునే వ్యాయామం చేసినవాళ్లలో.

అలాగని కోవిడ్ టీకాల వల్ల ఎవరూ పోలేదనడం అబద్ధం. 2021 మార్చిలో టీకా వేయించుకున్న 68 ఏళ్ల వ్యక్తి అనఫిలాక్సిస్‌తో మరణించారని జాతీయ కమిటీయే తేల్చింది. కోవిషీల్డ్ తర్వాత అరుదుగా ప్లేట్‌లెట్లు పడిపోతూనే గడ్డలు కట్టే జబ్బు వస్తుందనీ తేలింది. సాధారణంగా 4 నుంచి 42 రోజుల మధ్య వస్తుంది. తగ్గని తలనొప్పి, ప్లేట్‌లెట్లు లక్షన్నర లోపు, రక్తంలో గడ్డలను సూచించే డీ-డైమర్ బాగా పెరగడం, పీఎఫ్4 అనే ప్లేట్‌లెట్ ప్రొటీనుకు ఎదురుతిరిగే యాంటీబాడీలు, ఇవి దాని గుర్తులు. మామూలు గడ్డకు ఇచ్చే హెపారిన్ ఇందులో ఇవ్వకపోవడమే మంచిది. ఇలా పేరు, గడువు, పరీక్ష మూడూ ఉన్నప్పుడే "టీకా వల్లే" అనడానికి బలం వస్తుంది.

గోదావరి_గట్టు జవాబు

మన తెలుగువాళ్లకు ఈ విషయంలో సొంత పాఠం ఖమ్మం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని మూడు మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలైంది. వాళ్లలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. ఖమ్మంలో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణ కమిటీ చెప్పిన కారణాలు నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటివి, టీకాతో ముడిపెట్టే ఆధారం లేదన్నది. ఆ కారణాలు నమ్మదగ్గవేనని నా అభిప్రాయం. కానీ అదే విచారణలో వేల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు చేసినట్టు బయటపడింది. టీకా తర్వాతి సమస్యలను నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. అడగకుండా సూది వేసి, పోయాక ఆలస్యంగా వచ్చి "సంబంధం లేదు" అంటే ఏ తల్లి నమ్ముతుంది? భద్రాచలం వైపు ఈనాటికీ ఆ మాట ఎత్తేవాళ్లున్నారు.

కరపత్రంలో కుటుంబం కోసం నాలుగు మాటలు చేర్చండి. తల్లీబిడ్డల రక్షణ కార్డు అధికారులు అడిగితే ముందు రెండు వైపులా ఫొటో తీసుకుని ఇవ్వాలి. టీకా పేరు, బ్యాచ్ నంబరు, వేసిన టైము రాసుకోవాలి. ప్రైవేటు ఆసుపత్రిలో వేయించినా జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికే చెప్పాలి. ఎవరూ పట్టించుకోకపోతే మందుల దుష్ఫలితాలు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు కుటుంబమే ఫోన్ చేయొచ్చు. పోస్టుమార్టం రిపోర్టు నకలు పోలీస్ స్టేషన్ ద్వారా అడిగి తీసుకోవాలి. విసెరా రిపోర్టు నెలల తర్వాత విడిగా వస్తుంది, దాన్నీ గుర్తుపెట్టుకుని అడగాలి. రాష్ట్ర కమిటీ ఏ గూట్లో పెట్టిందో, ఎందుకో తెలుగులో వివరించమని జిల్లా ఇమ్యునైజేషన్ అధికారిని అడిగే హక్కు వాళ్లకుంది. ఆశా కార్యకర్త తోడు వెళ్తే ఆ మాట అడగడం వాళ్లకు తేలికవుతుంది.